ఏ లైనులో ఉంది? వేలు పెట్టి చూపించు

పోయిన ఏడాది ఎస్‌ఏ-1 (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పదో తరగతికి ఉపవాచకం రామాయణం కదా, హనుమంతుడి పాత్ర స్వభావం రాయమని ప్రశ్న ఇచ్చాను. మొదటి పేపర్లో ఇలా ఉంది: "హనుమంతుడు మహా బలశాలి, బుద్ధిశాలి, కార్యదక్షుడు, స్వామిభక్తి పరాయణుడు, వినయశీలి." బాగానే రాసిందనుకుని మార్కులు వేశాను. రెండో పేపర్లోనూ అవే ఐదు మాటలు, మూడోదాంట్లోనూ అవే. వరుస కూడా మారలేదు. ఒకడు 'పరాయణుడు'ను 'పారాయణుడు' చేశాడు, వాడి పక్కవాడు ఆ తప్పుతో సహా దించాడు. మొత్తం 34 పేపర్లు. ఎర్ర పెన్ను పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పిల్లలను తిట్టాలని ఇది రాయడం లేదు. వాళ్ళకు ఆ ఐదు మాటలు ఇచ్చింది గైడు. గైడు చాలని నమ్మకం కలిగించింది మేము. ఆ మాటలు రాస్తే మార్కులు వేస్తున్నదీ మేమే. మరుసటి రోజు తరగతిలో "కార్యదక్షుడు అంటే ఏంటి?" అని అడిగితే ముగ్గురే చెప్పారు. "హనుమంతుడు కార్యదక్షుడని నీకెలా తెలుసు? రామాయణంలో ఏ సంఘటన చూసి అంటున్నావు?" అని అడిగితే ఆ ముగ్గురూ తల దించుకున్నారు.

ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు చెబుతున్నాను. ఇప్పుడు నాకు గట్టిగా అనిపించేది ఒకటే. పిల్లలు ఒక పాత్ర గురించి ఏ మాట అన్నా, దానికి ఆధారం పాఠంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేని మాట ఎంత బరువైనదైనా దానికి మార్కు వేయకూడదు. చూపించగలిగిన మాట గైడులో లేకపోయినా పూర్తి మార్కు వేయాలి. ఈ అలవాటు పదో తరగతిలో మొదలుపెడితే ఆలస్యమే. మూడో తరగతి నుంచీ, ఇంకా చెప్పాలంటే అమ్మమ్మ కథ చెప్పే వయసు నుంచీ రావాలి.

నాకు ఈ పట్టుదల రావడానికి పాత కారణం ఒకటుంది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వామన చరిత్ర పాఠం ఉండేది. బలి చక్రవర్తి పాత్ర స్వభావం రాయమంటే, అందరిలాగే దాత, సత్యసంధుడు అని రాసి, చివర నా సొంతంగా ఒక వాక్యం చేర్చాను: "బలికి పేరు మీద ఆశ, కొంచెం గర్వం కూడా ఉన్నాయి." మా సార్ ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన "సొంత పైత్యం వద్దు" అని రాశారు. రెండు మార్కులు పోయాయి. మార్కులు పోయినందుకు కాదు, ఎందుకు తప్పో ఆయన చెప్పనందుకు ఏడ్చాను. ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా ఏ పాత్ర గురించీ సొంత మాట రాయలేదు. బలి సంగతికి మళ్ళీ వస్తాను.

పోయిన జూలైలో ఆరో తరగతికి ఆవు-పులి కథ తీసుకున్నాను. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన కథ అది. వచనంలో ఒక పేజీకి కుదించి, మధ్యలో ఆయన పద్యం ఒకటి ఉంచి, అందరికీ జిరాక్స్ ఇచ్చాను. మేతకు పోయిన ఆవును అడవిలో పులి అడ్డగిస్తుంది. ఇంట్లో పాలు తాగే దూడ ఉంది, దానికి పాలిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి తిరిగొస్తానంటుంది ఆవు. పులి మొదట నమ్మదు, చివరికి సరేనంటుంది. ఆవు వెళ్ళి, దూడకు పాలిచ్చి, బుద్ధులు చెప్పి, మాట ప్రకారం తిరిగొస్తుంది. పులి మనసు కరుగుతుంది.

"పులి ఎట్లాంటిది?" అన్నాను.

"చెడ్డది టీచర్!" తరగతంతా ఒక్క గొంతు.

"చెడ్డదని ఏ లైనులో ఉంది? వేలు పెట్టి చూపించండి."

పేజీలు తిప్పిన చప్పుడు. ఒక పేజీయే ఉన్నా వెనక్కి తిప్పి చూశారు. ఒకడు లేచి, "ఆవును తింటా అన్నది గద టీచర్" అని ఆ లైను చూపించాడు. వాడు కూర్చోకముందే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల, "మరి పులి గడ్డి తింటదా? ఆకలైతే ఏం తినాలె?" అంది. నవ్వులు. నవ్వు ఆగాక ఆ పిల్లే మళ్ళీ, "చెడ్డదైతే ఆవును ఎట్ల ఇడుస్తది? ఇగో ఇక్కడ, 'సరే వెళ్ళిరా' అన్నది" అని కింది పేరా మీద వేలు పెట్టింది.

అప్పుడు మొదటి వాడు ఊరుకోలేదు. "నమ్మి ఇడిసిందా, యాడికి పోతదిలే మళ్ల దొరుకుతదని ఇడిసిందా?" అన్నాడు. ఈ ప్రశ్న నా పాఠ్య ప్రణాళికలో లేదు. ఆవు తిరిగి రాగానే 'పులి ఆశ్చర్యపోయింది' అనే వాక్యం పేజీ చివర ఉంది. దాన్ని ఇంకో పిల్ల పట్టుకుంది. "ఆశ్చర్యపోయింది అంటే వస్తదని నమ్మలేదన్నట్టే గద టీచర్. నమ్మకపోయినా ఇడిసింది."

నమ్మకపోయినా వదిలింది! పులి గురించి ఇంత మంచి వాక్యం నేనెప్పుడూ చెప్పలేదు. ఆ గుణానికి ఏం పేరు పెడదామంటే కాసేపు ఎవరికీ మాట దొరకలేదు. చివరికి ఒకరు "మెతక మనసు" అన్నారు. "పైకి గట్టిది, లోపల మెతక" అని ఇంకొకరు సవరించారు. బోర్డు మీద అదే రాశాను.

తర్వాత ఆవు. 'సత్యవ్రత' అని గైడు చెబుతుంది. అది అబద్ధం కాదు, తిరిగొచ్చింది కాబట్టి ఆధారమూ ఉంది. కానీ ఆవు దూడతో చెప్పిన పద్యం చూడండి:

చులుకన జలరుహతంతువు
చులుకన తృణకణము దూది చులుకన సుమ్మీ
యిల నెగయు ధూళి చులుకన
చులుకన మఱి తల్లిలేని సుతుడు కుమారా!

జలరుహతంతువంటే తామరతూడులోని సన్నని దారం, తృణకణమంటే గడ్డిపోచ అని చెప్పాను. అంతకుమించి వివరించలేదు. అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునే పిల్లవాడు ఒకడున్నాడు, తరగతిలో నోరు విప్పడం తక్కువ. వాడు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. "చులుకన అని ఐదుసార్లు అన్నది టీచర్." ఎందుకన్నదని అడిగాను. "ఆవుకు సచ్చుడంటే భయం లేదు. దూడ చులుకనైతదని భయం."

ఈ మాట ఏ గైడులోనూ ఉండదు. ఆవుకు భయముందని తెలిసిన తర్వాత, అంత భయం పెట్టుకుని కూడా అది తిరిగొచ్చిందని అర్థమైన తర్వాత, 'సత్యవ్రత' అన్న మాటకు బరువు వస్తుంది. అంతకుముందు అది కాగితం మీది మాటే.

పిల్లలకు మాటలు లేవని మా టీచర్లం అనుకుంటాం. అది నిజం కాదు. వాళ్ళ దగ్గర లేనివి గైడు మాటలు. మనుషుల గుణాలు చెప్పడానికి మన ఇళ్ళలో ఎన్ని మాటలున్నాయో ఒకసారి వినండి. గడుసు, పెంకి, మొండి, మెతక, దుడుకు, పెడసరం, కలుపుగోలు, మొహమాటం, చాదస్తం, లౌక్యం, నంగనాచి, పీనాసి, మాటకారి. బావి దగ్గర, పొలం గట్టు మీద, పెళ్ళిచూపుల తర్వాత ఇంట్లో ఈ మాటలన్నీ ఎంత కచ్చితంగా వాడతారు! మొండికి, పెంకికి తేడా మా ఆరో తరగతి పిల్లలకు నాకంటే బాగా తెలుసు. "మొండోడు చెప్పింది వినడు టీచర్, పెంకోడు విని ఉల్టా చేస్తడు" అన్నారు. ఇంత సొమ్ము ఇంట్లో పెట్టుకుని బడికొచ్చిన పిల్లల చేత 'మంచివాడు, చెడ్డవాడు' అని మాత్రమే అనిపిస్తున్నాం, పై తరగతికి పోయాక 'సద్గుణసంపన్నుడు' అనిపిస్తున్నాం. ఇంటి మాటలను తరగతిలోకి రానిస్తే సగం పని అయిపోతుంది. ఇప్పుడు మా తరగతి గోడ మీద ఒక చార్టు ఉంది, పిల్లలు ఇంట్లో విన్న గుణాల మాటలు తెచ్చి రాస్తారు. మొన్నటికి అరవై దాటాయి.

మాట దొరకగానే అయిపోలేదు. ఈ పని నేర్పేటప్పుడు పిల్లలు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అప్పటికప్పుడు కలిగిన భావాన్ని స్వభావం అనుకోవడం. కథలో రాజుకు కోపం వచ్చిందని ఉంటే రాజు కోపిష్టి అని రాసేస్తారు. కోపం రావడం వేరు, కోపిష్టి కావడం వేరు. దుర్వాసుడిని కోపిష్టి అంటున్నామంటే ఏ కథలో కనబడినా ఆయన శాపం నాలుక చివరే ఉంటుంది కాబట్టి. అందుకే స్వభావం అనాలంటే రెండు చోట్ల ఆధారం చూపించమంటాను. రెండోది దొరక్కపోతే "ఆ సమయంలో కోపం వచ్చింది" అని రాయమంటాను. చిన్న మార్పే, కానీ దీనికి నెల పట్టింది.

ఇంకోటి, ఆధారం చూపించమంటే కథంతా మళ్ళీ రాయడం. పేరాకు పేరా దించేస్తారు. ఒక్క వాక్యం చాలు, ఒక్కోసారి ఒక్క పదం చాలు. దాని తర్వాత 'అంటే' అని మొదలుపెట్టి తన మాట రాయాలి. ఆరో తరగతి పిల్ల "ఆశ్చర్యపోయింది అంటే నమ్మలేదన్నట్టే" అన్నది చూడండి, ఆ 'అంటే' దగ్గరే ఆలోచన ఉంది. గుణం పేరు చెప్పేవాళ్ళు ఉంటారు, వాక్యం చూపించేవాళ్ళూ ఉంటారు. రెండిటినీ కలిపే ఆ 'అంటే' రాయడమే కష్టం. నేను మార్కులు కూడా అక్కడే ఎక్కువ పెడతాను.

పాత్ర గురించి వేరేవాళ్ళు అన్న మాటలు కూడా ఆధారమే, కానీ అన్నదెవరో చూసుకోవాలి. పాండవుల గురించి విదురుడు చెప్పిన మాటకూ, శకుని చెప్పిన మాటకూ ఒకే తూకం వేయలేం కదా.

ఇక మళ్ళీ హనుమంతుడు. ఆ 34 పేపర్ల తర్వాత పదో తరగతిలో ఒక పీరియడ్ మొత్తం ఒకే మాట మీద గడిపాను. లంక నుంచి తిరిగొచ్చిన హనుమంతుడు, ఒడ్డున ఎదురుచూస్తున్న వానరులతో క్లుప్తంగా చెప్పిన మాటను వాల్మీకి 'దృష్టా సీతా' అని రాశాడు. 'చూశాను సీతను' అని మన పెద్దలు తెలుగులో చెప్పుకునే మాట. బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను: 'సీతను చూశాను', 'చూశాను సీతను'. తేడా ఏంటి?

ఒకటే కదా అన్నారు. ఒక్కసారి మీరు ఒడ్డున నిలబడ్డ వానరులనుకోండి అన్నాను. సుగ్రీవుడు పెట్టిన గడువు దాటిపోయింది, సీత జాడ తెలియకుండా తిరిగి వెళ్తే ప్రాణాలు దక్కవు. హనుమంతుడు నోరు తెరిచి 'సీతను...' అన్నాడు. ఆ ఒక్క క్షణం మీ గుండె ఎట్లా ఉంటుంది? సీతకు ఏమైంది? చంపేశారా? కనబడలేదా?

ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "మా అన్న ఇంటర్ రిజల్ట్ నాడు ఫోన్ చేసి ఫస్ట్ 'పాస్' అన్నడు టీచర్. ఎన్ని మార్కులో తర్వాత చెప్పిండు. మా అమ్మ టెన్షన్ పడ్తదని." ఇంకేం చెప్పాలి? ఆ రోజు నోటుబుక్కుల్లో 'కార్యదక్షుడు' ఎవరూ రాయలేదు. "హనుమంతుడు ఎదుటివాళ్ళ టెన్షన్ తెలిసినవాడు. ఆధారం: ముందు 'చూశాను' అన్నాడు" అని రాశారు. టెన్షన్ అన్న మాటను నేను కొట్టేయలేదు.

ఇదంతా బాగానే ఉంది కానీ టైమ్ ఎక్కడుంది అంటారు తోటి టీచర్లు. న్యాయమైన మాటే. సిలబస్ జనవరికల్లా అయిపోవాలి, తర్వాత స్పెషల్ క్లాసులు. కానీ పాఠానికి ఒక పాత్ర, పాత్రకు ఒక ప్రశ్న చాలు. అన్ని పాఠాలకూ చేయనక్కర్లేదు. ఇరవై నిమిషాలు గుణాలు డిక్టేట్ చేసే బదులు ఆ ఇరవై నిమిషాలు ఒక్క వాక్యం వెతికిస్తే సరిపోతుంది.

కూడబలుక్కుని చదవడమే రాని పిల్లలకు పాత్ర స్వభావాలు ఎందుకు అన్నది ఇంకా గట్టి ప్రశ్న. చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికే 2022లో మా తెలంగాణలో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు కార్యక్రమం తెచ్చారు. ఆ అవసరం నాకు రోజూ కళ్ళ ముందే కనబడుతుంది. అయినా నేను చూసింది చెబుతాను. తడబడుతూ చదివే పిల్లలు 'ఈ పేరా చదువు' అంటే రెండో లైనులో ఆగిపోతారు. 'పులి ఆవును నమ్మిందో లేదో వెతుకు' అంటే అదే పేరాను మూడుసార్లు చదువుతారు. వెతకడానికి ఏదో ఉండాలి కదా. అక్షరాలు పూర్తిగా రాని పిల్లలకు కథ చదివి వినిపించి, "ఆ మాట వచ్చినప్పుడు చెయ్యెత్తు" అంటాను. అదీ ఆధారం చూపించడమే.

మరి కొందరు తల్లిదండ్రుల అభ్యంతరం వేరే. పురాణ పాత్రలను పిల్లల చేత ఇలా ప్రశ్నింపజేయడం తప్పు కాదా అని ఒక తండ్రి నన్ను నేరుగా అడిగారు. ఆయన భక్తి మీద నాకు గౌరవముంది. కానీ పద్యాన్ని పదం పదం పట్టుకుని చదవడం కంటే కవికి చేసే మర్యాద ఏముంటుంది? పోతన ఊరని చెప్పుకునే బమ్మెర మా బడికి పెద్ద దూరం కాదు. ఆయన పద్యం నోటికి అప్పజెప్పి, దాని లోపలికి పోకుండా వదిలేయడమే నాకు అమర్యాదగా అనిపిస్తుంది.

అందుకే బలి సంగతి. పోతన భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు మూడడుగులు అడిగినప్పుడు శుక్రాచార్యుడు, వచ్చినవాడు విష్ణువు, ఇవ్వొద్దంటాడు. బలి ఒప్పుకోడు. 'తిరుగన్ నేరదు నాదు జిహ్వ' అంటాడు. నా నాలుకకు వెనక్కి తిరగడం తెలియదు. సత్యసంధుడు అనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. 'రాజ్యము గీజ్యమున్ సతతమే?' అంటాడు. ఈ 'గీజ్యము' దగ్గర పిల్లలు నవ్వారు. పుస్తకం గిస్తకం, పెళ్ళి గిళ్ళి అని మనం అన్నట్టే! మూడు లోకాలు ఏలేవాడు రాజ్యాన్ని 'గీజ్యం' అన్నాడంటే దాన్ని ఎంత తేలిగ్గా చూస్తున్నాడో ఆ ఒక్క అక్షరం చెబుతుంది.

ఇక్కడ నేను నా పాత వాక్యం తీశాను. బలికి పేరు మీద ఆశ కూడా ఉందని అన్నాను. 'కారే రాజులు' పద్యం చూపించాను. ఎందరో రాజులయ్యారు, సిరి మూటగట్టుకుని పోయారా, వాళ్ళ పేరైనా మిగిలిందా, శిబి వంటివాళ్ళు యశఃకాములై అడిగింది ఇవ్వలేదా, వాళ్ళను ఇప్పటికీ మరిచారా అంటాడు బలి. 'యశఃకాములై' అంటే కీర్తి కోరినవాళ్ళై. ఇదిగో ఆధారం అన్నాను.

ముందు బెంచీలో ఒక పిల్ల పద్యం మీద వేలు పెట్టుకుని ఉంది. "టీచర్, 'యశఃకాములై' అన్నది శిబి వాళ్ళ గురించి గద. బలి తన గురించి అన్లేదు."

మళ్ళీ చదివాను. నిజమే, ఆ మాట శిబి ప్రముఖులకే చెందుతుంది. వాళ్ళను మెచ్చుకుంటున్నాడంటే తనకూ ఆ కోరిక ఉందనుకోవచ్చు కదా అన్నాను. "అనుకోవచ్చు టీచర్. కానీ రెండు చోట్ల చూపియ్యాలె అన్నరు." రెండోది నా దగ్గర ఉంది, 'కరంబు క్రిందగుట మీదై నా కరంబుంట మేల్ గాదే?' లక్ష్మీదేవి కొప్పును తాకిన విష్ణువు చెయ్యి కింద, నా చెయ్యి పైన, ఇది గొప్ప కాదా? ఇది గర్వమే కదా అన్నాను. ఆ పిల్ల పద్యం మొత్తం మళ్ళీ చదివింది. "సంతోషం కూడా కావచ్చు టీచర్. దేవుడే చెయ్యి చాపిండని." తరగతి రెండుగా చీలిపోయింది. గర్వమని కొందరు, సంతోషమని కొందరు, అందరూ అదే పద్యపాదం చూపిస్తూ.

ఆ రోజు ఇంటికొచ్చాక నా పదో తరగతి జవాబు గుర్తుచేసుకున్నాను. మా సార్ కొట్టేయడం ఇప్పటికీ తప్పే అంటాను, ఎందుకో చెప్పి ఉండాల్సింది. కానీ ఇన్నేళ్ళూ నేను గమనించని సంగతి ఒకటుంది. ఆ జవాబులో నేను ఒక్క పద్యపాదం కూడా రాయలేదు. "ఎక్కడుంది, చూపించు" అని సార్ అడిగి ఉంటే, అప్పుడు నా వేలు పెట్టడానికి చోటు లేదు.

మరుసటి రోజు ఆ పిల్ల స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతిలో వాచకం. 'మేల్ గాదే' అన్న చోట పెన్సిలు గీత. "టీచర్, రాత్రి మా తాతను అడిగిన. తాత గర్వమే అన్నడు. నేనింకా ఒప్పుకోలే."